‘కట్’ ఎవరు చెప్పాలి?

డాక్యుమెంటరీల్లో జరిగినదాన్ని మళ్ళీ నటింపజేయడం కొత్తేం కాదు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ కోసం, అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యూట్‌ల చేత బల్లేలతో వేట ఆడించాడు. 1988లో ఎరల్ మారిస్ ‘ది థిన్ బ్లూ లైన్’లో ఒక పోలీసు హత్యని పదేపదే, ఒక్కో సాక్ష్యం ప్రకారం ఒక్కోలా తీశాడు. శిక్ష పడ్డ మనిషి మరుసటేడు విడుదలయ్యాడు. రెండిట్లోనూ పగ్గాలు దర్శకుడివే.

రాబర్ట్ గ్రీన్ ‘ప్రొసెషన్’ (2021)లో అవి చేతులు మారాయి. చిన్నతనంలో కేథలిక్ ఫాదర్ల లైంగిక హింసకి గురైన ఆరుగురు మగవాళ్ళు కలిసి సీన్లు రాసుకుని తీశారు. పక్కన డ్రామా థెరపిస్టు. దాడిని చూపించరు, దానికి దారితీసిన గదులూ, తలుపులూ చూపిస్తారు.

మా ఉద్యోగాల్లో బగ్‌ని పట్టాలంటే ముందు రీప్రొడ్యూస్ చేయాలి. వీళ్ళకా అవసరం లేదు, నలభై ఏళ్ళుగా అది దానంతటదే రీప్రొడ్యూస్ అవుతోంది. లేనిదల్లా మధ్యలో ‘కట్’ చెప్పే హక్కు.

అందరి బాల్యాన్నీ ఒకే కుర్రాడు నటించాడు. అంత బరువు ఓ పిల్లాడి మీద పెట్టడం నాకింకా మింగుడుపడలేదు. పెద్దవాళ్ళ సంగతి వేరు: ఒకరి సీన్లో ఇంకొకరు ఆ ఫాదర్ అంగీ తొడుక్కుంటారు. జీవితమంతా ఏ బట్టని చూసి వణికారో దాన్నే, స్నేహితుడి కోసం.

ఒకాయన మాత్రం తనని తీసుకెళ్ళిన సరస్సు ఒడ్డు ఇంటిని వెతుక్కుంటూ సోదరుడితో తిరుగుతాడు. అక్కడ వేషాల్లేవు. నేను ఊపిరి బిగబట్టి చూసింది అదే.