పులికాట్ నిండితేనే పేటకు కళ
సరస్సు, పక్షులు, రాకెట్ల నడుమ సూళ్లూరుపేట జీవనం

సూళ్లూరుపేట: తూర్పున ఉప్పునీటి సరస్సు, దాని ఆవల ఆకాశానికి రాకెట్లను పంపే దీవి, ఉత్తరాన పక్షుల చెరువు, పడమటి దిక్కున కొండల నడుమ జలపాతం. తిరుపతి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సూళ్లూరుపేటకు ప్రకృతి ఇచ్చిన సరిహద్దులివి. అర లక్షకు లోపు జనాభా గల ఈ చిన్న పట్టణం దశాబ్దాల పాటు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా ఊరి బతుకు మాత్రం పులికాట్ సరస్సులోని నీటిమట్టంతోనే ముడిపడి ఉంది.

పేరు వెనుక కథ

కాళంగి నది ఒడ్డున వెలసిన చెంగాళమ్మ పరమేశ్వరి ఈ ప్రాంతపు ఇలవేల్పు. అమ్మవారి ఆలయానికి తలుపులు మూసే ఆచారం లేదు. బ్రహ్మోత్సవాల్లో పొడవైన కొయ్యను తిప్పే సుళ్లు ఉత్సవం నుంచే ఊరికి ఈ పేరు వచ్చిందని ఆలయ కథనం. రాకెట్ ప్రయోగాలకు ముందు అంతరిక్ష శాస్త్రవేత్తలు ఇక్కడికి వచ్చి పూజలు చేయించడం ఆనవాయితీగా మారింది.

చెన్నైకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై ఉండటం పట్టణానికి కలిసివచ్చింది. చెన్నై నుంచి లోకల్ రైళ్లు ఇక్కడి వరకు నడుస్తాయి. అందువల్ల నగరంలో పనిచేస్తూ ఇక్కడే కాపురముండేవారూ ఉన్నారు. తెలుగు, తమిళం రెండూ సంత వీధుల్లో సమానంగా వినిపిస్తాయి.

రెండు నీళ్లు కలిసే చోటు

ఒడిశాలోని చిల్కా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉంది. విస్తీర్ణం పెద్దదే గాని లోతు తక్కువ. చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కాళంగి, ఆరణి నదులు, వాగులు తెచ్చే మంచినీరు సరస్సును నింపుతుంది. సముద్రంతో కలిపే ముఖద్వారాల గుండా ఆటుపోట్లకు ఉప్పునీరు వచ్చిపోతుంది. ఈ రెండు నీళ్ల కలయికే సరస్సుకు ప్రాణం.

సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు ముఖద్వారాల గుండా సరస్సులోకి వచ్చి, ఇక్కడి మేత తిని పెరిగి, తిరిగి సముద్రానికి వెళ్తాయి. రొయ్యలు, పీతలు, మడవ చేపలపై ఆధారపడి సరస్సు చుట్టూ వేలాది మత్స్యకార కుటుంబాలు జీవిస్తున్నాయి. దక్షిణ భాగపు గ్రామాల్లో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతుల ప్రకారం నిర్ణయించే ‘పాడు’ అనే కట్టుబాటు తరతరాలుగా ఉంది.

విదేశీ అతిథులు కాదు, ఏటేటా వచ్చే చుట్టాలు

సరస్సు లోతు లేకపోవడమే ఫ్లెమింగోలకు వరం. పొడవాటి కాళ్లతో నీటిలో నిలబడి, ముక్కును తలకిందులుగా ముంచి, బురదనీటిని వడగట్టి నాచును, సూక్ష్మ జీవులను తింటాయి. వాటి ఈకలకు గులాబీ రంగు ఆ ఆహారం వల్లనే వస్తుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు ఇవి సరస్సులో గుంపులుగా కనిపిస్తాయి. వర్షాలు మరీ ఎక్కువై నీరు లోతుగా నిలిస్తే ఒడ్డుకు దగ్గరగా రావు. నీరు ఇంకిపోతే అసలే నిలవవు.

గూడబాతుల తీరు వేరు. ఇవి గూళ్లు కట్టుకునేది సరస్సులో కాదు, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చెరువు నీటిలో నిలిచి పెరిగే కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు పిల్లలను పొదుగుతాయి. పిల్లల మేత కోసం తల్లి పక్షులు పులికాట్‌కు ఎగిరివెళ్లి చేపలు తెస్తాయి. సరస్సులో చేప తగ్గితే చెరువులో గూళ్లు తగ్గుతాయన్నమాట. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు సహజ ఎరువు కావడంతో నేలపట్టు రైతులు ఈ పక్షులను తమ ఊరి సొత్తుగా భావించి కాపాడుకుంటున్నారు.

దీవికి దారి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్ల రహదారి సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. శీతాకాలం ఉదయం వేళ ఈ దారిలో ఇరువైపులా పక్షులను చూడటం మరపురాని అనుభవం. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైనా, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం విజయవంతంగా కక్ష్యకు చేరింది. చంద్రయాన్-3 సైతం 2023 జులై 14న ఇక్కడి నుంచే బయలుదేరింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరవ ప్రయోగాన్ని పూర్తి చేసుకుంది. షార్ ఉద్యోగుల కాలనీలతో పట్టణంలో వ్యాపారం, చదువులు పెరిగాయి. అయితే కేంద్రం కోసం దీవిని ఖాళీ చేసిన కుటుంబాల్లో యానాదులు ఎందరో ఉన్నారు. ప్రయోగ సమయాల్లో జాలర్లు వేటకు విరామం ఇవ్వవలసి వస్తుంది.

చూడదలచిన వారికి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. తెల్లవారుజామున నేలపట్టు, పొద్దెక్కక ముందే అటకానితిప్ప చూసుకుంటే పక్షులు బాగా కనిపిస్తాయి. బైనాక్యులర్ వెంట ఉంచుకోవాలి. బిగ్గరగా మాట్లాడటం, గూళ్ల దగ్గరకు వెళ్లడం తగదు. తడ మండలం భీములవారిపాలెం నుంచి సరస్సులో పడవ ప్రయాణం చేయవచ్చు. ఇరకం దీవికి దారి కూడా అదే. రాకెట్ ప్రయోగాన్ని సందర్శకుల గ్యాలరీ నుంచి చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వరదయ్యపాళెం సమీపంలోని ఉబ్బలమడుగు జలపాతానికి అడవిలో నడిచి వెళ్లాలి. వానాకాలంలో మడుగుల్లో దిగడం ప్రాణాపాయం.

2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ 2020 తర్వాత కొన్నేళ్లు ఆగి, 2025 జనవరి 18 నుంచి 20 వరకు మళ్లీ జరిగింది. ఆ మూడు రోజులు పట్టణంలో లాడ్జీలు, హోటళ్లు, ఆటోలు కిటకిటలాడాయి. మిగిలిన రోజుల్లో మాత్రం పక్షులను చూడవచ్చినవారు సాయంత్రానికే చెన్నైకో, నెల్లూరుకో తిరిగిపోవడం మామూలు.

పూడుతున్న ముఖద్వారాలు

అసలు సమస్య పండుగలో లేదు, నీటిలో ఉంది. తీరం వెంబడి కదిలే ఇసుక సముద్ర ముఖద్వారాలను ఏటేటా మేటలు వేసి మూసివేస్తోంది. రాయదొరువు వంటి చోట్ల పూడిక తీయాలన్నది మత్స్యకారుల చిరకాల కోరిక. ద్వారం మూసుకుంటే ఉప్పునీటి రాకపోకలు ఆగిపోతాయి. రొయ్య పిల్ల లోపలికి రాదు. వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది. ఉత్తర భాగం ఎండి, పగుళ్లు తేలిన మైదానంగా మారుతుంది. సరస్సు మధ్యగా వేసిన రహదారి కూడా నీటి కదలికకు అడ్డంకిగా నిలుస్తోంది. వేట దొరకని కాలంలో జాలరి యువకులు కూలి పనులకు, సమీప పారిశ్రామిక వాడలకు వెళ్లక తప్పడం లేదు.

ఒకసారి ఇసుక తోడితే సరిపోదు. అలలు మళ్లీ ఇసుకను తెచ్చి పోస్తాయి కాబట్టి పూడికతీత ఏటా సాగవలసిన పని. నదుల ద్వారా వచ్చే మంచినీరు తగ్గకుండా చూడటం, మురుగునీరు, రొయ్యల చెరువుల వ్యర్థజలాలు సరస్సులో కలవకుండా అడ్డుకోవడం కూడా అంతే అవసరం. జాలరి వలకు, గూడబాతు గూటికి, పట్టణంలో గది అద్దెకిచ్చే లాడ్జీకి ఆధారం ఒక్కటే. ఆ నడుములోతు నీరు నిలిచినంత కాలమే సూళ్లూరుపేటకు చుట్టాలు వస్తారు.