చలం: గడప దాటిన నవలాకారుడు

తెలుగు వచన సాహిత్యంలో వివాహం, కుటుంబం, శీలం అనే మూడు వ్యవస్థలను ఏకకాలంలో ప్రశ్నించిన నవలాకారుడు గుడిపాటి వెంకటచలం (1894–1979). పాఠకలోకంలో ఆయన పేరు చలం. నవలలు, కథలు, నాటకాలు, వ్యాసాలు, లేఖలు, అనువాదాలు రచించారు. జీవించి ఉండగా ఆయనకు దక్కిన నింద, కీర్తి రెండూ అసాధారణమైనవే.

జీవితం

చలం 1894 మే 18న మద్రాసులో జన్మించారు. తాతగారికి దత్తుడు కావడం వలన గుడిపాటి ఇంటిపేరు సంక్రమించింది. బాల్యం తెనాలిలో గడిచింది. తండ్రి చేతిలో తల్లి పడిన బాధలను పసితనంలోనే చూశారు. స్త్రీల పక్షాన ఆయన జీవితాంతం చేసిన వాదానికి మూలం ఆ అనుభవంలో ఉన్నది.

కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చదివేనాడు, ప్రధానాచార్యులైన రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావం వలన బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులైనారు. జంధ్యాన్ని, కులాచారాలను విడిచిపెట్టారు. భార్య రంగనాయకమ్మను చదివించడానికి పూనుకొనగా బంధువుల నుండి తీవ్రమైన వ్యతిరేకత ఎదురైనది. తరువాత ఉపాధ్యాయుడుగా, స్కూలు ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. బడులలో పిల్లలను కొట్టి భయపెట్టే పద్ధతిని ఖండిస్తూ రచించిన ‘బిడ్డల శిక్షణ’ ఆ వృత్తిలో పుట్టిన గ్రంథమే.

రచనలు

‘శశిరేఖ’, ‘దైవమిచ్చిన భార్య’, ‘మైదానం’, ‘అరుణ’, ‘బ్రాహ్మణీకం’, ‘జీవితాదర్శం’ ఆయన ప్రసిద్ధ నవలలు. ‘స్త్రీ’ వ్యాస గ్రంథం. ‘మ్యూజింగ్స్’, ‘ప్రేమలేఖలు’ అన్నవి ఏ ప్రక్రియకూ పూర్తిగా లొంగని రచనలు. ‘సావిత్రి’, ‘హరిశ్చంద్ర’, ‘పురూరవ’ వంటి నాటకాలలో పురాణపాత్రలను కొత్త ప్రశ్నల ముందు నిలబెట్టారు. రవీంద్రుని గీతాంజలిని తెలుగు చేశారు.

వీటిలో మిక్కిలి వివాదాస్పదమైనది 1927 నాటి ‘మైదానం’. ప్లీడరు భార్య రాజేశ్వరి, అమీర్ అనే ముస్లిం యువకునితో ఇల్లు విడిచి, ఊరికి దూరంగా ఏటి ఒడ్డున కాపురముంటుంది. కథను ఆమే చెబుతుంది. ఈ నవలను కేవలం స్వేచ్ఛాప్రణయ గాథగా చదివినవారు సగమే చదివినట్లు. గోడలు లేని ఆ మైదానంలోకి కూడా పురుషాధికారం వెంట వస్తుంది. బిడ్డ వద్దన్న అమీర్ పట్టుదలకు రాజేశ్వరి శరీరమే మూల్యం చెల్లిస్తుంది. మీరా అనే యువకుని రాకతో ముగ్గురి నడుమ అనురాగం, అసూయ పెనవేసుకుంటాయి. చివరకు మరణం, జైలు మిగులుతాయి. వివాహబంధం తెగినంత మాత్రాన స్త్రీకి స్వాతంత్ర్యం సిద్ధించదని ఆ కథాగమనం చెబుతున్నది. విమర్శకులు చలాన్ని స్వైరానికి ప్రచారకుడన్నారు గాని, ఆ నవలలో స్వేచ్ఛకు చెల్లించిన వెలను దాచలేదు.

భాష విషయంలోనూ ఆయనది తిరుగుబాటే. గ్రాంథికాన్ని విడిచి, ఇంట్లో ఆడవారు మాట్లాడుకునే పలుకుబడిని, చిన్న చిన్న వాక్యాలను వచనానికి ఎక్కించారు. తరువాతి కథకులు పలువురు ఆ వచనానికి ఋణపడినవారే.

గోదావరికి ఈవల

ఇంట తెలుగు, బడిలో మరాఠీ అన్న సిరొంచ ప్రాంతపు చదువరికి, ఈ చరిత్ర రెండు భాషలలో కనబడుతుంది. ‘మైదానం’ వెలువడిన 1927లోనే, జూలై మాసంలో, రఘునాథ్ ధోండో కర్వే మరాఠీలో ‘సమాజ్ స్వాస్థ్య’ మాసపత్రిక ప్రారంభించారు. సంతాన నియంత్రణ, స్త్రీపురుష సంబంధాలు దాని విషయాలు. ఆయనపై అశ్లీలత కేసులు నడిచాయి. 1934లో అటువంటి ఒక కేసులో ఆయన పక్షాన డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ వాదించారు. 1953లో మరణించే వరకు కర్వే ఆ పత్రికను విడువలేదు.

కర్వే ఆయుధం శాస్త్రం, చలం ఆయుధం కథ. స్త్రీ శరీరంపై అధికారం స్త్రీదేనన్న మాటకు ప్రాణహిత సంగమానికి ఇరువైపులా ఉన్న రెండు భాషలూ ఒకే కాలంలో చేరుకున్నాయి. అమెరికాలో కట్టుబాట్లను ధిక్కరించిన తరానికి పతాకగా నిలిచిన జాక్ కెరువాక్ నవల ‘ఆన్ ది రోడ్’ 1957లో, అనగా ‘మైదానం’ వచ్చిన ముప్పై ఏళ్ళకు, వెలువడింది. అందులో దారి పట్టినవారు ప్రధానంగా పురుషులు. చలం నవలలో గడప దాటినది స్త్రీ.

వెలి, అరుణాచలం

రాసినట్లు బ్రతుకజూచినందుకు చలం కుటుంబం వెలివంటి స్థితిని ఎదుర్కొన్నది. ఆయన పుస్తకాలను బాహాటంగా తిట్టినవారే చాటుగా చదివిన కాలమది. 1950లో కుటుంబంతో తిరువణ్ణామలైలోని రమణాశ్రమ సన్నిధికి చేరుకున్నారు. అదే సంవత్సరం ఏప్రిల్ 14న రమణ మహర్షి నిర్యాణం చెందినా, చలం అక్కడే ఉండిపోయారు. కుమార్తె సౌరిస్ ఆయనకు తోడుగా నిలిచారు. 1979 మే 4న అక్కడే కన్నుమూశారు.

ఈ మార్పును కొందరు ఓటమి అన్నారు, కొందరు పరిణామమన్నారు. లాలస నాయికగా గల ‘జీవితాదర్శం’ చదివినవారికి ఇది ఆకస్మికం కాదు. కోరికను నిషేధించడం కాదు, దానిని దాటి శాంతిని వెదకడం ఆ నవలకు గమ్యం.

నేటి విలువ

1980ల అనంతరం స్త్రీవాద రచయిత్రులు చలాన్ని తిరిగి చదివారు. స్త్రీల తరఫున ఒక పురుషుడు ఎంతవరకు మాట్లాడగలడు, ప్రేమ ఒక్కటే విముక్తి మార్గమా, ఇంటిచాకిరీ, ఆస్తి, సంపాదన సంగతేమిటి అన్న ప్రశ్నలు వచ్చాయి. అవి న్యాయమైనవే. అయితే ఆ ప్రశ్నలు వేయగల చోటును తెలుగులో మొదట చదును చేసినవారిలో చలం ముందువరుసలో ఉన్నారు. కులాంతర, మతాంతర ప్రేమకు నేటికీ పెళ్ళికూతురో పెళ్ళికొడుకో ప్రాణంతో మూల్యం చెల్లించే సంఘటనలు ఆగలేదు. అందువలన రాజేశ్వరి కథ పాతబడలేదు.