ఆంధ్ర విశ్వకళాపరిషత్తు: చదువులు, విద్యార్థి జీవితం

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖపట్నంలోని రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ప్రభుత్వ కాగితాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, జనం నోట్లో ఏయూ. మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో 1926 ఏప్రిల్ 26న ఏర్పడింది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల కోసమే పెట్టిన విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్). ఉదయించే సూర్యుడు, పద్మం, స్వస్తికం, రెండు సర్పాలతో ఉన్న చిహ్నాన్ని ఆయన హయాంలోనే కౌతా రామమోహనశాస్త్రి గీశారు.

ఏయూ విద్యార్థులు రెండు రకాలు. వాల్తేరు ఎత్తు మీది క్యాంపస్‌లో చదివేవాళ్లు ఒక రకం. ఊళ్లోని అనుబంధ కళాశాలలోనో, ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలోనో చదివి, ఏయూ ముద్ర ఉన్న పట్టా పుచ్చుకుని, క్యాంపస్ గేటు ఎటువైపుందో కూడా తెలియనివాళ్లు రెండో రకం. ఎప్పుడు చూసినా రెండో రకం వాళ్లే ఎక్కువ. విశ్వవిద్యాలయం గురించి రాసినవాళ్లంతా మొదటివాళ్ల గురించే రాశారు గనక, ఈ వ్యాసంలో ఇద్దరినీ కలిపి చూడటం న్యాయం.

చోటు కోసం తగవు

విశ్వవిద్యాలయం కావాలన్న విషయంలో అందరిదీ ఒకే మాట. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పేచీ. బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం, అనంతపురం ఎవరికివారు మా ఊళ్లోనే అన్నారు. మొదట బెజవాడలో కార్యాలయం తెరిచి, 1930లో వాల్తేరుకు మార్చారు. ఆ దూరం రాయలసీమవాళ్లకు గిట్టలేదు. దత్తమండలాలనే ఆ జిల్లాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి వెళ్లిపోయాయి. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న షరతు చేరింది ఈ అసంతృప్తి వల్లే. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టేదాకా ఆ లెక్క తేలలేదు, అనంతపురానికి అప్పటికీ దక్కలేదు.

బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డి 1930లో పదవి వదులుకున్నారు. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులు. అంతవరకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయంగా ఉన్న సంస్థ తన సొంత తరగతి గదుల్లో పాఠం చెప్పడం మొదలుపెట్టింది ఈ కాలంలోనే. ఆర్ట్స్ కళాశాల 1931లో, సైన్సు, టెక్నాలజీ కళాశాల ఆ వెంటనే వచ్చాయి. సైన్సు కళాశాల కోసం జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇస్తానని మాటిచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే చిన్న మొత్తం కాదు. కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

రాధాకృష్ణన్ పాఠాలు చెప్పేవాళ్లను ఎక్కడెక్కడి నుంచో వెతికి తెచ్చారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు లాంటివాళ్లు కుర్రతనంలో ఇక్కడ పనిచేసినవాళ్లే. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, భౌతికశాస్త్రానికి సూరి భగవంతం పెద్దదిక్కయ్యారు. ఆనర్స్ కోర్సుల్లో విద్యార్థులు తక్కువ, గురువుకీ శిష్యుడికీ ముఖపరిచయం ఎక్కువ. గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడైన సి.ఆర్. రావు గణితం చదివింది ఇక్కడే. రచయిత రావిశాస్త్రి తత్వశాస్త్రం చదివిందీ ఇక్కడే. కవి, నాటకకర్త అబ్బూరి రామకృష్ణారావు గ్రంథాలయాధికారి. రిజిస్ట్రారుగా ఉన్న కె.వి. గోపాలస్వామి నాటకాల మీద మోజున్న మనిషి. అంతర్ కళాశాల నాటిక పోటీలను ఆయన దగ్గరుండి నడిపించారు. పరీక్షల ఫైళ్లు చూసే చేత్తోనే నాటక ప్రదర్శనలూ చూసుకున్న రిజిస్ట్రార్లు తర్వాత అరుదు.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. భవనాలు సైన్యానికిచ్చి, విశ్వవిద్యాలయం గుంటూరు తరలిపోయింది. యుద్ధం ముగిశాకే తిరిగి వాల్తేరు చేరింది.

సముద్రం పాఠమైన సంగతి

క్యాంపస్ నుంచి చూస్తే బంగాళాఖాతం కనిపిస్తుంది. దాన్ని చదువులోకి తెచ్చిన కాలం వి.ఎస్. కృష్ణ ఉపాధ్యక్షులుగా ఉన్న 1949–61. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఇక్కడికొచ్చి, భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ తదితరులతో, విద్యార్థులతో కలిసి తీరానికి ఆవలి లోతులు కొలిచారు. పడవలోంచి లోతు కొలుస్తూ, నీటి నమూనాలు తీస్తూ, సముద్రగర్భాన్ని కాగితం మీదికెక్కించే పని అది. ఆ అన్వేషణల్లో ఖండతీరపు వాలు మీద బయటపడ్డ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. విశ్వవిద్యాలయం, ఆచార్యుడు, ఉపాధ్యక్షుడు ముగ్గురూ సముద్రం అడుగున పేరు సంపాదించుకున్నారు. ఇలాంటి గౌరవం మన విశ్వవిద్యాలయాల్లో మరెవరికైనా దక్కిందా అంటే గుర్తు రాదు. భూభౌతికం, వాతావరణశాస్త్రం, సముద్రశాస్త్రం ఏయూకి ప్రత్యేకతలు కావడానికి మూలం ఇక్కడుంది. ఇంజనీరింగ్ కళాశాల 1955లో మొదలైంది. ఓడల నిర్మాణం చదివే నేవల్ ఆర్కిటెక్చర్ కోర్సు రేవు పట్టణంలో ఉండటం సహజమే.

తరిగిన పరిధి

ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా కోస్తా కళాశాలలన్నీ ఏయూ అనుబంధాలే. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చి గుంటూరు, కృష్ణా, ప్రకాశం పోయాయి. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చి వైద్య కళాశాలలు పోయాయి. వాటిలో 1923లో మొదలైన, ఏయూ కంటే వయసులో పెద్దదైన ఆంధ్ర వైద్య కళాశాల కూడా ఉంది. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంతో గోదావరి జిల్లాలు, 2008లో ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంతో శ్రీకాకుళం విడిపోయాయి. ఏయూ అనుబంధ కళాశాలగా 1980లో పుట్టిన గీతం 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమై పక్కనే పోటీకి నిలిచింది. పిల్లలు పెరిగి వేరుకాపురాలు పెట్టుకున్నట్టు ఇలా ఒక్కొక్కటే విడిపోగా, ఇప్పుడు చేతిలో మిగిలింది ప్రధానంగా ఉమ్మడి విశాఖ, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలలు. దానికి 1972లో మొదలైన కరస్పాండెన్స్ కోర్సుల పాఠశాల తోడుంది. ఇప్పుడు దాన్ని దూరవిద్యా కేంద్రం అంటున్నారు. టీచర్లు, బ్యాంకు గుమస్తాలు, పెళ్లితో చదువాగిన ఆడపిల్లలు పోస్టులో వచ్చిన పాఠాలు చదివి, సెలవు పెట్టి కాంటాక్ట్ క్లాసులకు వచ్చి ఎం.ఏ.లు పూర్తిచేశారు. ప్రభుత్వోద్యోగాల్లో ఎందరి పదోన్నతులో ఈ పట్టాలతో ముడిపడి ఉన్నాయి.

పరీక్షలు, కాగితాలు

అనుబంధ కళాశాల విద్యార్థికి విశ్వవిద్యాలయమంటే హాల్ టికెట్ మీది ముద్ర, నోటిఫికేషన్ మీది తేదీ. పాఠం చెప్పేది కళాశాల. సిలబస్, ప్రశ్నపత్రం, ఫలితం మాత్రం వాల్తేరు నుంచి రావాలి. ఫలితాలొచ్చిన రోజున ‘ఎన్ని పోయాయి?’ అన్నదే మొదటి ప్రశ్న. పోయినవాటికి సప్లిమెంటరీ, అనుమానమున్నవాటికి రీవాల్యుయేషన్. పాత బ్యాచ్‌లో ఒకటో రెండో సబ్జెక్టులు మిగుల్చుకున్నవాళ్లు మరో అవకాశమివ్వండని కోరడం ఏటా ఉండేదే. 2020–21 నుంచి రాష్ట్రంలో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి. మరుసటి ఏడాది డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమైంది. పల్లెల్లో తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి డిగ్రీలో చేరిన పిల్లల మీద ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. తొందరపాటేనని చెప్పక తప్పదు.

పీజీలో చేరాలంటే ఒకప్పుడు ఏయూసెట్ రాసేవారు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పీజీసెట్. క్యాంపస్ సీటు వచ్చినవాళ్లలో చాలామందికి అది చదువూ, మకామూ. నగరంలో హాస్టల్ దొరికితే రెండేళ్లు గ్రూప్స్‌కో, నెట్‌కో, బ్యాంకు పరీక్షలకో కూర్చోవచ్చు. వి.ఎస్. కృష్ణ గ్రంథాలయంలో వాళ్ల బల్లల మీద ఎం.ఎస్సీ. పుస్తకం పక్కనే పోటీ పరీక్షల గైడు తెరిచి ఉంటుంది. అధ్యాపకులు దీన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటారు. శాశ్వత పోస్టులు ఖాళీగా ఉండి, కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులతో శాఖలు నెట్టుకొస్తున్న చోట అంతకంటే అడగడానికీ లేదు.

హాస్టల్ మెస్ లెక్క సూటిగా ఉంటుంది. నెల ఖర్చంతా కలిపి, తిన్న తలల మీద భాగిస్తే వచ్చేది మెస్ బిల్లు. ఉపకారవేతనం వేళకొస్తే ఆ బిల్లు తీరుతుంది. రాకపోతే బాకీ పేరుకుంటుంది. ఆ బాకీ చదువైపోయాక బయటపడుతుంది: టీసీ కావాలంటే ‘నో డ్యూస్’ కాగితం మీద శాఖ, ల్యాబు, గ్రంథాలయం, హాస్టల్ వరసగా సంతకాలు పెట్టాలి. మూడు సంతకాలు ఒక పూటలో అవుతాయి, నాలుగోది హాస్టల్ ఆఫీసులో ఆగుతుంది. విదేశాలకు వెళ్లేవాళ్లకు మరో మెట్టు ఉండేది. ట్రాన్‌స్క్రిప్టులను కవరులో పెట్టి, అంటించిన అంచు మీద ముద్ర, సంతకం వేయించుకోవాల్సి వచ్చేది. అమెరికాలో స్థిరపడ్డ ఎందరో తెలుగువారి ప్రయాణం ఆ కవరుతోనే మొదలైంది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు నీలి బెండపూడి కూడా ఏయూ పట్టభద్రురాలే.

ఉద్యమాలు

1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం వీధికెక్కినప్పుడు ఏయూ విద్యార్థులు ముందున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1972–73 జై ఆంధ్ర ఉద్యమంలో కోస్తా అంతటా తరగతులు మూతపడ్డాయి. న్యాయశాస్త్రం చదువుతున్న ఎం. వెంకయ్యనాయుడు 1973–74లో ఇక్కడి విద్యార్థి సంఘ అధ్యక్షుడు. 1980ల చివరి నుంచి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలే లేవు. ఎస్‌ఎఫ్‌ఐ, ఏఐఎస్‌ఎఫ్, ఏబీవీపీ జెండాలు ఉన్నాయి. ఓట్లు లేకపోవడంతో రాజకీయం మెస్ బిల్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్, వసతుల చుట్టూ తిరుగుతోంది. పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. ఓటడగడం, ఓడిపోవడం నేర్పే బడి మూతపడింది.

ఏయూ ఏరియా

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల్లో ప్రవేశాలకు అప్పటి ఉమ్మడి రాష్ట్రాన్ని మూడు స్థానిక ప్రాంతాలుగా విడగొట్టి, వాటికి విశ్వవిద్యాలయాల పేర్లే పెట్టింది: ఓయూ (ఉస్మానియా), ఏయూ, ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర). స్థానికులకు 85 శాతం సీట్లు. ఈ ఉత్తర్వు ప్రకారం శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఏయూ ఏరియా, సీమతో పాటు నెల్లూరు ఎస్వీయూ ఏరియా. నాగార్జున, నన్నయ విశ్వవిద్యాలయాలు వచ్చినా ఈ గీత జరగలేదు. ఒంగోలులో ఇంటర్ చదివిన పిల్ల వాల్తేరు ఎన్నడూ చూడకపోయినా ఎంట్రన్స్ కౌన్సెలింగ్‌లో ‘ఏయూ లోకల్’. అందుకే వేసవి వచ్చేసరికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రులు పాత బడుల చుట్టూ తిరుగుతారు. వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివిందీ ఆ కాగితాలే చెప్పాలి.