తుపాకీ గొప్పదా, గురి గొప్పదా?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని కార్యదర్శిగారు ఉత్తరం రాశారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో ఉన్నారు. నేను రాయగలిగింది ఒక్కటే ఉంది. సర్వీసులో ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం క్యారియర్లు విప్పిన వేళ, మా రికార్డు గదిలో ఏళ్ల తరబడి సాగిన ఒక వాదం. సైనికుడి చేతిలో ఎలాంటి తుపాకీ ఉండాలి, దాని తూటా ఎంత లావు ఉండాలి అన్నదే ఆ వాదం. ప్రపంచ సైన్యాలన్నీ నూరేళ్లకు పైగా ఇదే తగవు పడుతున్నాయని రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసింది.

మా ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా ఒక మాజీ సైనికుడు ఉండేవారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరు చాలామందికి తెలిసే ఉంటుంది. ఆయనది ఆ చుట్టుపక్కల గ్రామమే. హవల్దారుగా పెన్షన్ పుచ్చుకుని వచ్చారు కనుక అందరం హవల్దార్ గారనే పిలిచేవాళ్లం. ఆయనకు ఎదురు వాదించేది మా సూపరింటెండెంటు గారు. ఆయన తుపాకీ ముట్టుకున్నది లేదు గాని, ఇంగ్లీషు పత్రికలు తెప్పించుకుని చదివేవారు. నేను మధ్యవర్తిని. ఆ పదవికి నా అర్హత ఐదు తూటాలు.

1962 యుద్ధం తరువాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఆ మధ్యకాలంలో చదువుకున్నవాణ్ణి కనుక నేనూ త్రీ నాట్ త్రీ పట్టుకున్నాను. ఒక్కొక్కరికి ఐదు తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు. మొదటిది పేలగానే తుపాకీ మడమ భుజాన్ని గుద్దింది. మిగిలిన నాలుగూ కళ్లు మూసుకునే పేల్చాను. అట్ట బొమ్మ అంచున ఒకే ఒక్క చిల్లు కనిపించింది, అదైనా నాదో పక్కవాడిదో చెప్పలేను. పేలిన తూటాల ఖాళీ తొడుగులు మాత్రం ఐదూ ఏరి అప్పగించేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. వాటిని సైన్యంలో ఖోకాలంటారని తరువాత హవల్దార్ గారే చెప్పారు.

త్రీ నాట్ త్రీ అంటే అంగుళంలో వెయ్యింట 303 వంతుల గొట్టం అని అర్థం, అంటే 7.7 మిల్లీమీటర్లు. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. 1895లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. 1907 నాటి పొట్టి రకమే మన దేశంలో ఎక్కువగా కనిపించింది, బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైంది కూడా. పది తూటాలు పడతాయి. ఒక్కొక్క తూటా పేల్చాక బోల్టు ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి మళ్లీ గురి చూసుకోవాలి.

దక్షిణాఫ్రికాలో 1899 నుండి 1902 వరకు జరిగిన యుద్ధంలో బోయర్ రైతులు దూరం నుండి గురి చూసి కొడుతుంటే బ్రిటిష్ వారికి తల తిరిగిపోయింది. ఆ దెబ్బతో తమ జవాన్లకు గురి నేర్పడం ఒక దీక్షగా పెట్టుకున్నారు. 300 గజాల దూరంలోని గుర్తు మీద నిమిషంలో 15 తూటాలు గురి చూసి పేల్చడం వారి పరీక్షల్లో ఒకటి. గురి బాగా కుదిరినవాడికి జీతంలో నాలుగు డబ్బులు ఎక్కువ దక్కేవి. మన ఇంక్రిమెంటు లాంటిదే! 1914లో బెల్జియంలోని మోన్స్ దగ్గర వారి ధాటి చూసి జర్మన్లు ఎదుట ఉన్నవి మెషిన్‌గన్లని పొరబడ్డారనే కథ అప్పటి నుండీ చెప్పుకుంటున్నారు. కథలో అతిశయోక్తి కొంత ఉండవచ్చు గాని, ఆ సైనికుల సాధన మాత్రం నిజం. అయితే ఆ పాత సైనికుల్లో ఎక్కువమంది ఏడాది తిరగకముందే చనిపోవడమో గాయపడటమో జరిగింది. తరువాత హడావిడిగా చేర్చుకున్న కుర్రాళ్లకు అంత తర్ఫీదు ఇచ్చే తీరిక ఎవరికీ లేదు. తుపాకీ మాత్రం అదే, దాని మీద 2,000 గజాల వరకు గీతలున్న గురిపట్టీ కూడా అదే. రెండు వేల గజాలంటే మైలుకు పైమాట. అంత దూరంలో మనిషి కంటికి ఆనడమే కష్టం.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఈ సంగతి తలకెక్కింది. పోరాటం ఎక్కువగా జరిగేది కొద్ది వందల గజాల లోపే అయినప్పుడు అంత పెద్ద తూటా మోయడం దేనికని పొట్టి తూటా, దానికి తగిన స్వయంచాలక తుపాకీ తయారు చేశారు. రష్యాలో కలాష్నికోవ్ రూపొందించి, 1949లో వారి సైన్యం స్వీకరించిన ఏకే 47 కూడా ఇదే ఆలోచన మీద నిలిచింది. 1952లో అమెరికన్ సైన్యం కోసం జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారి పరిశోధన కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. యుద్ధంలో 300 గజాల అవతల రైఫిల్‌తో జరిగే పని బహు తక్కువ అనీ, శిక్షణ మైదానంలో బాగా కొట్టినవాడి గురి కూడా యుద్ధం నడుమ దూరం పెరిగే కొద్దీ వేగంగా పడిపోతుందనీ దాని సారాంశం.

నివేదికలకు పట్టే గతి మనకు తెలియనిదా? బ్రిటిష్ వారు అప్పటికే 7 మిల్లీమీటర్ల మధ్యరకం తూటాతో ఒక కొత్త రైఫిల్ తయారు చేసి 1951లో ఆమోదం కూడా ప్రకటించారు. అమెరికన్ సైన్యాధికారులు పాత పద్ధతి బలమైన తూటాయే కావాలని పట్టుబట్టారు. ఇంగ్లండులో ప్రభుత్వం మారి చర్చిల్ రాగానే ఆ ఆమోదం రద్దయింది. చివరికి నాటో దేశాలన్నిటికీ 7.62 మిల్లీమీటర్ల పెద్ద తూటా ఖాయమైంది. ఇంతా చేసి, 1960లలో వియత్నాంలో దిగేసరికి అదే అమెరికా 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటాకు, ఎం 16 రైఫిల్‌కు మారిపోయింది. సంతకం పెట్టించినవారే ఫైలు వెనక్కి తిప్పినట్టు.

ఆ ఎం 16 కథ చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. తూటాలో వాడే మందు రకం మార్చారు, శుభ్రం చేసుకునే సామగ్రి సరిపడా పంపలేదు, దీనికి పెద్దగా శుభ్రత అక్కర్లేదని చెప్పారు. అడవిలో తుపాకులు ఇరుక్కుపోయాయి. ఇరుక్కున్న తుపాకీ పక్కనే చనిపోయి కనిపించిన కుర్రాళ్లున్నారు. 1967లో వారి కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి అధికారులను గట్టిగా తప్పుపట్టింది.

ఇంతకీ మన సంగతి. 1962లో చైనా సైనికులు స్వయంచాలక, అర్ధ స్వయంచాలక తుపాకులతో వస్తే మనవాళ్ల చేతిలో ఎక్కువగా ఉన్నది ఆ బోల్టు తుపాకీయే. లడఖ్‌లో 16,000 అడుగులు దాటిన రెజాంగ్ లా దగ్గర నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలోని 13 కుమావోన్ చార్లీ కంపెనీ దాంతోనే పోరాడింది. సుమారు 120 మందిలో 114 మంది నేలకొరిగారు. మరుసటి ఏడాది మంచులో వారి దేహాలు దొరికినప్పుడు కొందరి చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి.

మా హవల్దార్ గారు ఆ ఏడాది తూర్పు సరిహద్దులో ఉన్నారు. ఆ రోజుల గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒకసారి సూపరింటెండెంటు గారు, "మీకు ఆటోమేటిక్ తుపాకులు ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేదయ్యా" అన్నారు. హవల్దార్ గారు క్యారియర్ గిన్నె మూత పెట్టి, "బోల్టు లాగి మళ్లీ గురి చూసేలోగా వాడు పది గజాలు ముందుకు వచ్చేసేవాడు, నిజమే సార్" అన్నారు. కాస్సేపు ఊరుకుని, "కాని నా పక్కన ఒక కుర్రాడుండేవాడు. కొత్తగా వచ్చాడు. వాడి తూటాలన్నీ ఆకాశంలోకే పోయాయి. వాడికి ఇంకా వేగంగా పేలే తుపాకీ ఇస్తే ఇంకా వేగంగా ఆకాశంలోకే పోయేవి. అంతకుముందు వాడు ఎన్ని తూటాలు పేల్చాడో ఎవరు అడిగారు సార్?" అన్నారు. ఆ కుర్రాడు ఏమయ్యాడని మేము అడగలేదు. నాకు నా ఐదు తూటాలే గుర్తుకొచ్చాయి.

ఆ యుద్ధం తరువాత ఇషాపూర్‌లో 7.62 ఎస్.ఎల్.ఆర్. తయారీ మొదలైంది. అందరికీ అందేలోగా పాత లీ ఎన్‌ఫీల్డ్‌నే కొత్త తూటాకు అనువుగా మార్చి కొన్ని చేశారు. మొదట పాత గురిపట్టీయే ఉంచి, తరువాత దాన్ని 800 మీటర్లకు కుదించారు. రెండు వేల గజాలు ఒట్టి కాగితం మీది లెక్క అని మనవాళ్లూ ఒప్పుకున్నట్టే గదా! 1971 నాటికి హవల్దార్ గారి చేతిలోకీ ఎస్.ఎల్.ఆర్. వచ్చింది. మీట నొక్కిన ప్రతిసారీ తనంతట తానే తరువాతి తూటా ఎక్కించుకుంటుంది. అదంటే ఆయనకు ప్రాణం. "ఒకటి తగిలితే చాలు సార్, మనిషి లేవడు" అనేవారు.

1987లో మన శాంతి సేన శ్రీలంక వెళ్లినప్పుడు సూపరింటెండెంటు గారిది పైచేయి అయింది. దట్టమైన చెట్ల మధ్య పొడుగాటి, బరువైన ఎస్.ఎల్.ఆర్.తో మనవాళ్లు, ఏకే 47లతో ఎల్.టి.టి.ఇ. వాళ్లు. ఆ తరువాత మన ప్రభుత్వమూ ఏకే తుపాకులు విదేశాల నుండి కొన్నది. మరోపక్క పుణెలో రూపొందిన 5.56 ఇన్సాస్ రైఫిల్ 1990లలో జవాన్ల చేతికి వచ్చింది.

చిన్న తూటాను సమర్థించేవారికి గట్టి ఆధారం బరువు. 7.62 నాటో తూటా ఒక్కొక్కటి సుమారు 24 గ్రాములు, 5.56 తూటా 12 గ్రాములు. అదే బరువుకు రెట్టింపు తూటాలు మోయవచ్చు. దెబ్బ భుజానికి తక్కువ కనుక కొత్తవాడికి గురి త్వరగా కుదురుతుంది. ఇది ఒప్పుకోవలసిన మాటే. నేను ఆనాడు 5.56 పేల్చి ఉంటే కళ్లు తెరిచే ఉంచేవాణ్ణేమో. దీనికి ఇంకో సిద్ధాంతం తగిలించారు. శత్రువు చస్తే ఒక్కడే పోతాడు, గాయపడితే వాణ్ణి మోయడానికి మరో ఇద్దరు పోతారు కనుక గాయపరచడమే లాభం అని. కాశ్మీర్‌లో చావుకు సిద్ధపడి వచ్చినవాణ్ణి మోయడానికి ఎవరూ రారు. వాడు గాయంతోనే ఇంకా కాలుస్తూ ఉంటాడు. ఈ సిద్ధాంతం చెప్పినవారు ఎదుటి సైన్యానికి కూడా మన సర్క్యులరే వర్తిస్తుందనుకున్నట్టున్నారు.

1999లో కార్గిల్ చలికి ఇన్సాస్ మ్యాగజైన్లు పగిలాయని, తుపాకులు ఇరుక్కున్నాయని పత్రికల్లో వచ్చింది. అప్పటికి హవల్దార్ గారూ రిటైరయ్యారు. నెల మొదట్లో పెన్షన్ కోసం బ్యాంకు దగ్గర కలిసేవాళ్లం. "ప్లాస్టిక్ సంగతి మంచులో పడుకున్నవాణ్ణి అడగాలి సార్" అని మాత్రం అన్నారు. అదే మా చివరి తుపాకీ సంభాషణ. మరి రెండేళ్లకు ఆయన పోయారు.

తరువాతి కథ ఆయన చూడలేదు. 2019లో మన సైన్యం 72,400 అమెరికన్ సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డరు ఇచ్చింది. వాటిది ఎస్.ఎల్.ఆర్. నాటి 7.62 నాటో తూటాయే. 2021 డిసెంబరులో రష్యాతో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో ఆరు లక్షలకు పైగా ఏకే 203 రైఫిళ్లు చేయడానికి ఒప్పందమైంది. వాటిది కలాష్నికోవ్ పాత పొట్టి తూటా. 2022లో అమెరికన్లు సైతం ఒంటి కవచాలను ఛేదించడానికి 5.56 చాలదంటూ 6.8 మిల్లీమీటర్ల బలమైన తూటాకు ఓటు వేశారు. బరువు మళ్లీ జవాను భుజం మీదికే వచ్చింది. ఏ దేశమైనా తుపాకీ ఎంచుకునేది గడిచిన యుద్ధంలో తగిలిన దెబ్బను చూసుకునే. అందులో తప్పు పట్టలేం. నాకు వింతగా తోచేది మరొకటి. తుపాకీ కొన్నప్పుడల్లా ధర, సంఖ్య, మిల్లీమీటర్లు పత్రికల్లో వస్తాయి. ఒక్కొక్క జవాను సాధన కోసం ఏడాదికి ఎన్ని తూటాలు పేలుస్తాడన్నది ఎవరూ రాయరు.

2024లో కోర్వా నుండి 35,000 రైఫిళ్లు సైన్యానికి అందాయని చదివి, హైదరాబాదులో ఉంటున్న మా సూపరింటెండెంటు గారికి ఫోన్ చేశాను. ఎనభై దాటినా గొంతు అలాగే ఉంది. "చూశావా, ముప్పై ఏళ్ల కిందటే చెప్పానా లేదా, ఏకే యే మేలని" అన్నారు. హవల్దార్ గారి పక్కనుండే ఆ కుర్రాడి మాట గుర్తు చేశాను. కాస్సేపు ఫోన్‌లో ఏమీ వినిపించలేదు. తరువాత, హవల్దార్ గారి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ సవరణ జరిగిందా అని అడిగారు. జరిగిందని చెప్పాను.