సంతకము నేర్పిన బడి

అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రమున చార్లెస్టను రేవుపట్టణమునకు సమీపమున జాన్సు ద్వీపమను పల్లెసీమ కలదు. 1916వ సంవత్సరమున సెప్టీమా పాయిన్సెట్టు అను పదునెనిమిదేండ్ల నల్లజాతి కన్య అచ్చటి బడిలో ఉపాధ్యాయినిగా చేరెను. పుట్టిన పట్టణమున ఆమెకు ఉద్యోగము దొరకలేదు. అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో నల్లవారి పిల్లలకు సైతము తెల్లవారే చదువు చెప్పవలెనని ఏర్పాటు. ద్వీపములో ఆమెకును మఱియొక ఉపాధ్యాయినికిని కలిపి 132 మంది పిల్లలు. ఎదుటనున్న తెల్లవారి బడిలో మువ్వురే. ఆ మువ్వురికి చెప్పు ఉపాధ్యాయినికి 85 డాలర్ల జీతము, ఈమెకు 35.

1919లో ఆమె చార్లెస్టనునకు మరలి వచ్చి, నల్లవారి బడులలో నల్లవారిని నియమింపవలెనను విన్నపమునకు సంతకములు సేకరించువారిలో కలిసెను. ఈ కోరిక చదువుకొన్న కొద్దిమందిదేకాని వంటకత్తెలకును బట్టలుదుకు స్త్రీలకును అక్కఱలేదని ప్రతిపక్షులనిరి. అందుచేత ఆ స్త్రీల సంతకములకే ఇల్లిల్లు తిరిగిరి. మఱుసటి యేట విన్నపము ఫలించెను. వివాహానంతరము సెప్టీమా క్లార్కుగా ప్రసిద్ధి కెక్కిన ఈమె, 1945లో కొలంబియా నగరమున సమానవేతనమునకై నడచిన వ్యాజ్యమునను పాటుపడెను. అదియు గెలుపే.

ఓటమి 1956లో వచ్చినది. నల్లవారి హక్కులకై పోరాడు ఎన్.ఏ.ఏ.సి.పి. సంఘమున ప్రభుత్వోద్యోగులు సభ్యులుగా ఉండరాదని రాష్ట్రము శాసించెను. ఆమె తన సభ్యత్వమును దాచలేదు. శాసనమును ప్రతిఘటింపుడని 726 మంది నల్లజాతి ఉపాధ్యాయులకు తన సంతకముతో లేఖలు పంపెను. ఇరువదియార్గురు బదులు వ్రాసిరి. అధికారిని చూడ వచ్చినవారు అయిదుగురు. నలువదియేండ్ల కొలువు పోయెను, పింఛనును పోయెను. తక్కినవారిని పిఱికివారనుట సులభము. నెలజీతముపై సంసారమీదువారి భయమెట్టిదో మా వృత్తివారికి తెలియును. ఆమెయు వారిని నిందింపలేదు. సిద్ధపడనివారిని ముందునకు త్రోయుట తన లోపమే యని తలచెను.

సిద్ధపఱచుట యెట్లో జాన్సు ద్వీపమున తేలినది. రాజ్యాంగములోని భాగమును చదువగలవారికే ఓటుహక్కు నిచ్చు రోజులవి. ద్వీపవాసియైన ఈసా జెంకిన్సు తన బస్సులో పనికి పోవువారికి ఆ పాఠము దారిలోనే చెప్పుచుండెను. అతడును, క్లార్కును, టెనెస్సీలోని హైలాండరు విద్యాలయమువారును కలిసి 1957 జనవరిలో రాత్రిబడి తెఱచిరి. ముందుభాగమున సరకుల దుకాణము, వెనుకగదిలో బడి. తెల్లవారి కనుమాన మేల కలుగును? పాఠము చెప్పుటకు పంతులమ్మను పిలువలేదు. జుట్టు దువ్వి సింగారించుటయు కుట్టుపనియు వృత్తిగాగల బెర్నీసు రాబిన్సనును పిలిచిరి. చదువురాని పెద్దలను ఆమె చిన్నచూపు చూడదని వారి నమ్మకము. ఆమె మొదటి రాత్రి గ్రంథము విప్పలేదు. మీరేమి నేర్వగోరెదరని అడిగెను. తమ పేరు వ్రాయవలెననిరి, మనియార్డరు కాగితము నింపవలెననిరి. అట్టపై వ్రాసిన పేరును వ్రేళ్ళు తిరుగువఱకు దిద్దించి, పిమ్మట రాజ్యాంగములోని మాటలకు వచ్చెను. పొలములో మోటుబాఱిన చేతులకు పెన్సిలు లొంగుట కష్టము.

ఈ బడులు దక్షిణదేశమంతట వ్యాపించెను. 1961లో మార్టిన్ లూథర్ కింగు సంస్థ వానిని చేపట్టినది. 1965లో అక్షరపరీక్షల నడ్డగించు ఓటుహక్కు చట్టము వచ్చినది. క్లార్కు పింఛనును రాష్ట్రము 1976లోగాని తిరిగి ఇయ్యలేదు. అంతకు ముందే, 1975లో, చార్లెస్టను ప్రజలు ఆమెను తమ పాఠశాలామండలికి సభ్యురాలిగా ఎన్నుకొనిరి.