ఫీజు నాన్నది, ఫైలు పిల్లాడిది

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని జేపీ స్టీవెన్స్ హైస్కూల్లోనో, ఎడిసన్ హైస్కూల్లోనో పన్నెండో తరగతి ముగించి, పక్కనే ఉన్న రట్గర్స్ యూనివర్సిటీలోనో మరో చోటో పిల్లాడు చేరతాడు. మొదటి సెమిస్టర్ ఫీజు తండ్రి ఖాతాలోంచే వెళ్తుంది. డిసెంబరులో మార్కుల సంగతి అడుగుదామని కాలేజీకి ఫోన్ చేస్తే, మీ అబ్బాయి సంతకం లేనిదే చెప్పలేమంటారు. కారణం అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ఫెర్పా, అంటే చదువు రికార్డుల గోప్యత చట్టం. ఎంసెట్ ర్యాంకు ఫొటోతో సహా ఫ్లెక్సీకెక్కిన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది మరి.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ చట్టం పుట్టిందే తల్లిదండ్రుల కోసం.

1960ల అమెరికా బడుల్లో ప్రతి పిల్లాడికీ ఒక ఫైలు ఉండేది. మార్కులు, హాజరుతోపాటు ఐక్యూ పరీక్షల ఫలితాలు, పిల్లాడి బుద్ధుల మీదా వాళ్లింటి పరిస్థితుల మీదా టీచర్లకు తోచిన మాటలు అందులో చేరేవి. పోలీసులు అడిగితే చాలాచోట్ల చూపించేవారు, కన్నవాళ్లు అడిగితే కుదరదనేవారు. ఈ పద్ధతి మార్చాలంటూ రస్సెల్ సేజ్ ఫౌండేషన్ 1970లో మార్గదర్శకాలు అచ్చువేసినా బడులు పెద్దగా పట్టించుకోలేదు. 1974 మార్చి 31న డయాన్ డివోకీ అనే పాత్రికేయురాలు ‘పరేడ్’ ఆదివారం పత్రికలో ఈ రహస్య ఫైళ్ల మీద వ్యాసం రాశాక సంగతి ఇంటింటికీ చేరింది. ఆ ఏడాదే న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ విద్యా బిల్లుకు ఒక సవరణగా ఈ ఫెర్పాను జోడించాడు. కమిటీ విచారణలేవీ జరగలేదు. వాటర్‌గేట్ దెబ్బకు నిక్సన్ దిగిపోయిన పన్నెండో రోజున, ఆగస్టు 21న, కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టాడు.

తొందరలో చేసిన చట్టం కదా, విశ్వవిద్యాలయాలు గగ్గోలు పెట్టాయి. తాము గుట్టుగా రాసిన సిఫారసు లేఖలు విద్యార్థులు చదివేస్తే ఎలా అన్నది ప్రొఫెసర్ల బెంగ. డిసెంబరు 31న మళ్లీ సవరించి, ఆ లేఖలు చూసే హక్కును విద్యార్థి వదులుకునే వెసులుబాటు పెట్టారు. ఇవాళ ఎడిసన్ పిల్లలు కాలేజీ దరఖాస్తులకు వాడే కామన్ యాప్‌లో టిక్కు పెట్టే ‘హక్కు వదులుకుంటున్నాను’ అన్న గడికి మూలం అదే.

బడిలో చదివినన్నాళ్లూ ఫైలు తల్లిదండ్రులది. అడిగిన 45 రోజుల్లోగా చూపించాలని కేంద్ర చట్టం అంటే, న్యూజెర్సీ పది రోజులే గడువిచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండినా, అంతకుముందే కాలేజీలో చేరినా ఆ హక్కు పిల్లలకు మారిపోతుంది. తండ్రి పన్ను రిటర్న్‌లో పిల్లాణ్ణి డిపెండెంట్‌గా చూపిస్తే కాలేజీ వివరాలు చెప్పొచ్చు. చెప్పితీరాలని మాత్రం లేదు.

పోనీ, చట్టాన్ని ఎవరైనా మీరితే? గొంజాగా యూనివర్సిటీ కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఈ చట్టం కింద విద్యార్థి సొంతంగా దావా వేయడానికి లేదు. విద్యాశాఖకు ఫిర్యాదు చేసుకోవాల్సిందే. ఇంత పెద్ద చట్టానికి ఇంత చిన్న కోరలా అనిపిస్తుంది నాకు. పైగా మినహాయింపులు తక్కువేం లేవు. సైన్యంలో చేర్చుకునేవాళ్లు అడిగితే హైస్కూలు పిల్లల పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాల్సిందే. వద్దనుకుంటే ఆ మాట బడికి రాసివ్వాలి. సెప్టెంబరులో బడి నుంచి వచ్చే కాగితాల కట్టలో చదవకుండా సంతకం పెట్టకూడనివి ఏవైనా ఉన్నాయంటే అవి ఇవే.

హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో ఎం.ఎస్.కి వచ్చే పిల్లల సంగతి వేరు. అప్పు చేసి పంపిన తండ్రి మార్కులు చూడాలంటే కొడుకు ఒప్పుకోవాలి. అమెరికా ప్రభుత్వానికి అలాంటి ఇబ్బంది లేదు. ఎఫ్-1 వీసా విద్యార్థి పూర్తిస్థాయి కోర్సులో ఉన్నాడా లేదా అన్నది 2003 నుంచి కాలేజీలే సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదు చేస్తున్నాయి. వీసా హోదా తేల్చడానికి కావలసిన వివరాలు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నానని విద్యార్థి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ముందే సంతకం చేస్తాడు. అతనికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ కాగితం మీద తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి.