ప్రహరీ దాటిన ఒడంబడిక

విమానాశ్రయమునకు హద్దు ఏది? చుట్టును కట్టిన ప్రహరీగోడయే హద్దని చూచువారు తలంతురు. హైదరాబాదు తూర్పు భాగమందలి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పేటలకు శంషాబాదు విమానాశ్రయము సూటిగా కొలిచినచో సుమారు 17 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఐనను ఆ పేటలలో లేచు మేడల ఎత్తునకును, ఆ విమానాశ్రయమునకును సంబంధము కలదు. అది ఎట్లు ఏర్పడినదో తెలియవలెనన్నచో కొంత వెనుకకు పోవలెను.

1930 దశకములో బేగంపేటలో విమానములు దిగు మైదానము ఏర్పడినప్పుడు అది ఊరికి వెలుపల ఉండెను. క్రమముగా నగరము పెరిగి దానిని చుట్టుముట్టినది. విమానముల రాకపోకలు హెచ్చిన కాలమున విస్తరించుటకు చోటు లేకపోయెను. మోత ఇండ్లమీద పడెను. ముందుచూపుతో నేలను కేటాయింపనిచో ఏమగునో బేగంపేట తెలిపినది.

క్రొత్త విమానాశ్రయమునకై శంషాబాదు వద్ద సుమారు 5,500 ఎకరముల భూమి సిద్ధమైనది. ప్రభుత్వము దానిని అమ్మలేదు. 2003 సెప్టెంబరులో దీర్ఘకాలపు లీజుకు ఇచ్చినది. విమానాశ్రయమును కట్టి నడుపు హక్కును 2004 డిసెంబరులో మరొక ఒడంబడిక ద్వారా కేంద్ర ప్రభుత్వము ఇచ్చినది. ఆ హక్కు పొందిన కంపెనీలో మొదట జి.ఎం.ఆర్. సంస్థకు నూటికి 63 వంతులు, మలేషియా సంస్థకు 11, రాష్ట్ర ప్రభుత్వమునకు 13, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థకు 13 ఉండెను. అనగా రాష్ట్ర ప్రభుత్వము భూమి ఇచ్చినదియు తానే, పుచ్చుకొన్న కంపెనీలో భాగస్వామియు తానే. 2008 మార్చి 23న క్రొత్త విమానాశ్రయము పనిచేయ నారంభించినది. బేగంపేటలో ప్రయాణికుల విమానములు నిలిచిపోయినవి.

ఇక ఆకాశము సంగతి. విమానము నిట్టనిలువుగా లేవదు, ఏటవాలుగా లేచును, దిగునప్పుడును అంతే. దాని దారిలో అడ్డు ఉండరాదు. అందుచేత విమానాశ్రయము చుట్టును పెద్ద గిన్నెవంటి ఊహాతలమును నిర్ణయింతురు. సుమారు 4 కిలోమీటర్ల వరకు దాని ఎత్తు 45 మీటర్లు. ఆపై దూరము 20 మీటర్లు పెరిగినకొలది హద్దు 1 మీటరు చొప్పున పైకి లేచును. 2015 నాటి నియమముల ప్రకారము 20 కిలోమీటర్ల లోపలి కట్టడములన్నియు ఎత్తు లెక్కకు లోబడవలెను. ఏ చోట ఎంత ఎత్తు తగునో రంగులతో చూపు పటమును ప్రాధికార సంస్థ తయారుచేయును. దానిని చూచి నగరపాలక సంస్థ అనుమతి ఇచ్చును.

ఈ ఎత్తును నేలనుండి కాక సముద్రమట్టమునుండి కొలుతురు. ఒక ప్రాంతమున హద్దు 700 మీటర్లనుకొందము. నేల 520 మీటర్ల ఎత్తున ఉన్నచోట 180 మీటర్ల మేడ కట్టవచ్చును. 600 మీటర్ల గుట్టమీద 100 మీటర్లే. కనుక రెండు మూడంతస్తుల ఇంటికి సాధారణముగా చిక్కు లేదు. ఆకాశహర్మ్యమునకే లెక్క అవసరము.

ఒడంబడిక ఇంకను దూరము పోయినది. 150 కిలోమీటర్ల లోపల వేరొక విమానాశ్రయమును 25 ఏండ్ల వరకు అంతర్జాతీయ స్థాయికి పెంచరాదను షరతు అందు కలదు. వరంగల్ చెంత మామునూరు పాత విమానాశ్రయమును తిరిగి తెరచుటకు ఈ కంపెనీ సమ్మతి కావలసివచ్చినది. అది లభించిన పిదప 2025లో కేంద్రము అనుమతించినది. 30 ఏండ్లకు ఇచ్చిన నిర్వహణ హక్కు 2068 వరకు పొడిగింపబడినది. ఇప్పుడు పదవ తరగతి చదువు విద్యార్థి అప్పటికి అరువదవ ఏటికి చేరువగును.

సంతకము చేసినవారు కొందరే, కట్టుబడవలసినవారు లక్షలు. బేగంపేటలో హద్దులు వ్రాసికొనకపోవుటచే నష్టము కలిగినది. శంషాబాదులో హద్దులు వ్రాసి ఉన్నవి. వానిని చదివి, తమ కాలములో మార్పు వలసినచో అడుగగలుగుట పౌరుల వంతు.